కచ్చా కుట్టు

మల్లయ్య ఎత్తిన పిడికిలి ఇంకా దించలేదు, ఎదుటి గరాజ్ తలుపు కిందికి దిగడం మొదలైంది.

ముందు ఆమె తెల్లజుట్టు కనబడకుండా పోయింది. తర్వాత భుజాలు. తర్వాత మోకాళ్ళు. చివరికి బూట్లు మిగిలాయి. అవి కాసేపు కదలకుండా ఇటే చూస్తున్నట్టు నిలబడ్డాయి. తలుపు నేలకు ఆనింది. రెండిళ్ళ నడుమ ఉన్న మేపుల్ చెట్టు నుంచి ఎర్రటి ఆకు ఒకటి తీరిగ్గా తిరుగుతూ వచ్చి ఆ తలుపు ముందర పడింది.

మల్లయ్య చెయ్యి దించి మిషన్ ముందర కూర్చున్నాడు. సూది కింద ఎవరిదో రవికె, చంక దగ్గర సగం కుట్టుపడి ఆగి ఉంది. కాలు పెడల్ మీదికి పోలేదు. తను చేసిన తప్పేమిటో తెలియలేదు.

అమెరికాలోని ట్రాయ్‌కి, కూతురింటికి వచ్చినప్పటి నుంచీ అతని పగళ్ళన్నీ ఈ గరాజ్‌లోనే. కూతురు శ్రీవల్లి మిషన్ కొనిచ్చి, ఇంట్లో అయితే కార్పెట్ నిండా దారాలవుతాయని ఇక్కడ పెట్టించింది. పొద్దున చాయ తాగి తలుపు లేపితే పక్కింటి గరాజ్ ఎదురెదురుగా ఉంటుంది. అందులో ఆమె. మనిషి పొడుగు. వయసు తన వయసే అయి ఉంటుంది, భుజాలు మాత్రం మోపు ఎత్తేవాళ్ళ భుజాలు. నేలకు దగ్గరగా ఉన్న పీట మీద కూర్చుని, కాళ్ళతో తన్ని వెనక్కి జారుతూ, గొలుసుకు కట్టిన కర్రను రొమ్ముదాకా లాగుతుంది. మళ్ళీ ముందుకు జారుతుంది. మళ్ళీ లాగుతుంది. మొదట చూసినప్పుడు మల్లయ్య మగ్గమనుకున్నాడు. కాళ్ళు తన్నడమూ అదే, చేతులు లాగడమూ అదే, చప్పుడూ అదే. బట్ట రాకపోవడమే వింత.

"మగ్గం కాదు నాయినా, పడవ. పడవ నడిపే ప్రాక్టీస్ అది" అంది శ్రీవల్లి.

"నీళ్ళేవి?"

"నీళ్ళుండవు."

"పడవ?"

"అదీ ఉండదు."

మల్లయ్య ఎదుటి గరాజ్ వైపు చూశాడు. నీళ్ళూ పడవా లేకపోయినా ఆమె మాత్రం ఎటో పోతున్నట్టే ఉంది.

ఎండాకాలమంతా ఒక్క మాట లేదు. తలుపులు లేచినప్పుడు ఆమె తల ఊపేది, ఇతను తల ఊపేవాడు. ఆమె లాగినప్పుడు ఇతను కుట్టు వేసేవాడు. ఆమె ముందుకు జారినప్పుడు గుడ్డ తిప్పేవాడు. కావాలని కాదు, అలా కుదిరింది. భోజనమయ్యాక కన్ను కొంచెం మూత పడితే, రెండు గరాజ్‌లూ నేలను వదిలేసి మెల్లగా తేలుతున్నట్టుండేది. నడుమ సిమెంటు బాట నీళ్ళలా మెరిసేది. ఎవరు ముందో ఎవరు వెనకో తెలిసేది కాదు.

ఇవాళ పొద్దున ఆమె ఒక ఎర్ర కోటు తెచ్చి గరాజ్ కొక్కానికి తగిలించింది. ఎక్కణ్ణుంచో పెట్టె అడుగు నుంచి తీసినట్టుంది, మడతలు అలాగే ఉన్నాయి. వీపు మీద తెల్లటి అక్షరాలు. మల్లయ్యకు ఇంగ్లీషు రాదు, తెలుగైనా కూడబలుక్కుని చదవాలి. అతనికి కనబడింది మూడు నెలవంకలు, వాటి పక్కన ఒక గొడ్డలి. గాలి వచ్చి కోటు తిరిగింది. రొమ్ము మీద గుండ్రటి గుర్తు. అందులో సుత్తె, కొడవలి.

అది చదవడానికి బడి అక్కర్లేదు. అతను స్టూలు మీది నుంచి లేచిన సంగతి అతనికే తెలియదు. చెయ్యి దానంతటదే పైకి పోయింది.

"లాల్ సలాం అక్కా!"

అప్పుడు దిగింది తలుపు.

సాయంత్రం అన్నాల దగ్గర శ్రీవల్లి అడిగింది. "నాయినా, పక్కింటి ఆల్దోనాను ఏమన్నవ్?"

"ఏమన్న? సలాం చేసిన."

"ఎట్ల చేసినవ్?"

చూపించాడు. అల్లుడు శశికాంత్‌కి పులుసు గొంతులో అడ్డం పడింది. గుంటూరు పిల్లాడు, నవ్వొస్తే ఆపుకోలేడు.

"మామయ్యగారూ! అమెరికాలో లాల్ సలామా! మీరు వచ్చింది విజిటర్ వీసా మీద. ఎవరైనా వీడియో తీసుంటే నా గ్రీన్ కార్డ్ గోవిందా."

"నువ్వూకో శశీ" అంది శ్రీవల్లి. ఆమె నవ్వడం లేదు. "మెయిల్ బాక్స్ దగ్గర పట్టుకుని అడిగింది, మీ నాన్న కమ్యూనిస్టా అని. మొహం తెల్లగ పాలిపోయింది పాపం."

"అవునని చెప్పకపోయినవా?"

"నాయినా, ఆమెది లిథువేనియా. చిన్న దేశం. ఆ ఎర్రజెండావాళ్ళు వచ్చి దాన్ని మింగేసిన్రు. యాభై ఏండ్లు."

మల్లయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. ఎర్రజెండా ఒక దేశాన్ని మింగుతుందని అతను ఎప్పుడూ వినలేదు. దొరల భూములు మింగిందని విన్నాడు. అది మంచిమాటగానే విన్నాడు.

"మరి ఆ కోటెందుకు దాచుకున్నది?"

"నాకేం తెలుసు" అంది శ్రీవల్లి.

మర్నాడు పొద్దున తలుపు లేపితే ఎదుటి తలుపు మూసి ఉంది. గొలుసు చప్పుడు లేకపోతే మిషన్ చప్పుడు ఒంటరిగా, దబాయిస్తున్నట్టు వినబడింది. మల్లయ్య రెండుసార్లు కుట్టు వంకర పోనిచ్చి రెండుసార్లు విప్పాడు.

మధ్యాహ్నం కాకముందే ఆమె వచ్చింది, శ్రీవల్లిని వెంటబెట్టుకుని. చేతి మీద కోటు. శ్రీవల్లి చెవిలో ఆఫీసు మీటింగ్ నడుస్తూనే ఉంది, ఒక వైరు వేలాడుతోంది.

"నాయినా, నేను మ్యూట్‌లో ఉన్న, జల్ది జల్ది చెప్త, ఇను. శనివారం వాళ్ళ హాల్‌ల ఫంక్షన్. వాళ్ళకు ముందు సొంత ఒలింపిక్ కమిటీ ఉండెనట. ఎర్ర రాజ్యం వచ్చినంక మూసేసిన్రు. ఇగ ఆడాలంటే ఆ రాజ్యం బట్టలు తొడుక్కునే ఆడాలె. ఆ రాజ్యం కూలేముందు మళ్ళ కమిటీ పెట్టుకుని, సొంత పేరు మీద, సొంత జెండా పట్టుకుని ఒలింపిక్స్‌కు పోయిన్రు. ఆ కమిటీ మళ్ళ పుట్టిన పండుగ అది. ఆటగాళ్ళందరు నడుస్తరు."

"ఈమె ఆడిందా?"

శ్రీవల్లి అడిగింది. ఆల్దోనా మెల్లగా చెప్పింది. మాట చెప్పేటప్పుడు ఆమె ఎవరి వైపూ చూడదు, దూరంగా ఒడ్డును చూస్తున్నట్టు చూస్తుంది.

"మాంట్రియల్ ఒలింపిక్స్‌కు పోయిందట. పడవల పోటీకి. ఎనిమిదిమంది పడవ. ఈమె తొమ్మిదో మనిషి. ఎవరికన్న జ్వరమొస్తే ఎక్కాలె. ఎవ్వరికి రాలే. ఒడ్డుమీద తెడ్లు పట్టుకుని నిలబడ్డదట. మెడల్ లేదు, ఏం లేదు. ఈ కోటొక్కటే."

"ఊఁ."

"హాలు పెద్దమనిషి చెప్పిండట, వీపు మీది ఆ రాజ్యం పేరు అక్షరాలు, ఆ గుర్తు ఉంటే లోపలికి రావద్దని. వాళ్ళ పిల్లలు చూస్తరు గద. నువ్వు అవి తీసేసి, వాళ్ళ జెండా రంగులు కుట్టాలెనట. అందరు నీ పేరే చెప్పిన్రట, మన ఆడోళ్ళ జాకెట్లు చూసి."

ఆల్దోనా కోటును బల్ల మీద పరిచింది. సుత్తె కొడవలి పైకి వచ్చింది. మల్లయ్య దాని మీద వేలు పెట్టాడు. మంచి దారం. రంగు వెలసినా పోగు తెగలేదు.

"అక్షరాలు తీస్త" అన్నాడు. "ఇది తియ్య."

"నాయినా..."

"ఆమెకు చెప్పు బిడ్డా. మా అయ్య దొర గడిల వెట్టికి కుట్టిండు. పెండ్లిబట్టలు, పరుపు గలీబులు, గుర్రానికి జీను గుడ్డ. పైస లేదు, గింజ లేదు, సూది విరిగితె దెబ్బలు. గా వెట్టి ఆగింది ఈ గుర్తు ఊళ్ళెకు వచ్చినంక. అయ్య పైసలు తీసుకుని చేసిన మొదటి కైకిలి పని ఎర్రజెండా కుట్టుడు. నాకు కొడవలి వంపు తిప్పుడు ఆయనే నేర్పిండు. నా చేతితోటి కుట్టిన, నా చేతితోటి ఇప్ప."

శ్రీవల్లి ఆల్దోనా మొహం చూసి, తండ్రి మొహం చూసి, మీటింగ్‌లో ఎవరో తన పేరు పిలుస్తుంటే చెవి నుంచి వైరు పీకేసింది. మెల్లగా ఇంగ్లీషులో చెప్పింది. చాలాసేపు చెప్పింది. ఆల్దోనా మధ్యలో అడ్డు రాలేదు. అంతా విన్నాక ఆమె చెప్పింది కొంచెమే.

"ఆమె సైబీరియాల పుట్టిందట నాయినా. వాళ్ళ నాన్నకు పది ఎకరాలో ఎన్నో ఉండె, రెండావులు. నువ్వు భూస్వామివని రైలెక్కించిన్రు. అక్కడ మంచుల చెట్లు కొట్టేటప్పుడు మాను మీద పడి పోయిండు. అప్పటికి ఈమె నడుస్తలేదు."

మేపుల్ ఆకు ఒకటి గరాజ్‌లోకే వచ్చి కోటు మీద వాలింది. ఆల్దోనా దాన్ని తీసి పక్కన పెట్టి, కోటు మడిచి, థాంక్యూ అని, వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మల్లయ్య తిన్నదేమిటో అతనికి గుర్తు లేదు. నిద్రలో ఒక నది కనబడింది. నది మీద మంచు పడుతోంది. ఎనిమిదిమంది పడవలో పోతున్నారు, అందరివీ అయ్య మొహాలే. ఒడ్డు మీద ఒక పొడుగు పిల్ల తెడ్డు పట్టుకుని నిలబడింది. పడవ ఆగలేదు. ఆ పిల్ల పిలవనూ లేదు.

శుక్రవారం పొద్దున తలుపు లేపేసరికి ఎదుటి తలుపు సగం లేచి ఉంది. మల్లయ్య వంగి చూశాడు. ఆమె తన జారుడు పీట మీద కూర్చుని ఉంది. ఒళ్ళో కోటు. చేతిలో వంటింటి కత్తెర, కోళ్ళు కోసేంత పెద్దది. అక్షరం కిందికి దాని మొన దూర్చి పైకి పెకలిస్తోంది. గుడ్డ గుడారంలా లేచింది. ఇంకొక్క తోపు తోస్తే చిరుగుతుంది.

మల్లయ్య కాళ్ళకు చెప్పులు కూడా వేసుకోకుండా సిమెంటు బాట దాటాడు. సగం తలుపు కింద వంగి లోపలికి పోయాడు.

"అట్ల పెట్టకక్కా! గుడ్డ సస్తది!"

ఆమెకు మాట అర్థం కాలేదు. చెయ్యి చాపడం అర్థమైంది. కత్తెర ఇవ్వలేదు గానీ కోటు ఇచ్చింది.

అతను దాన్ని తన బల్ల మీదికి తెచ్చాడు. ఆమె వెనకే వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. మల్లయ్య డబ్బాలోంచి సగం బ్లేడు తీశాడు. సగానికి విరిచి, ఒక వైపు పేపరు చుట్టిన బ్లేడు. అతని ఊళ్ళో ప్రతి దర్జీ డబ్బాలోనూ అదే ఉంటుంది. కోటును లోపలి వైపు తిప్పాడు. పై వైపు నుంచి విప్పేవాడు పని రానివాడు. లోపలి దారాన్ని రెండు కుట్లు వదిలి ఒక కుట్టు తెంపుతూ పోయాడు. మొదటి నెలవంక చుట్టూ పోయాక కోటు తిప్పి, పై దారం కొస పట్టుకుని లాగాడు. బుర్రుమని మొత్తం వచ్చేసింది. నెలవంక ఊడి అతని అరచేతిలో పడింది.

ఆల్దోనా ఊపిరి పీల్చింది. మల్లయ్య దాన్ని ఆమె చేతిలో పెట్టాడు. రెండోది, మూడోది, గొడ్డలి. అన్నీ ఆమె ఒళ్ళో చేరాయి.

గుర్తు దగ్గరికి వచ్చేసరికి బ్లేడు ఆగింది. అది మిషన్ కుట్టు కాదు, చేతికుట్టు. పోగు పక్కన పోగు, ఎక్కడా గుడ్డ కనబడకుండా. ఏ ఊరిదో, ఎవరో ఒక కుట్టుపనిమనిషి, కిటికీ పక్కన కూర్చుని కళ్ళు చిట్లించి కుట్టి ఉంటుంది. ఆమెకూ ఒక అయ్య ఉండి ఉంటాడు. మల్లయ్య అద్దాలు తుడుచుకున్నాడు. ఒక్కొక్క పోగే లేపి తెంపాడు. ఎంతసేపు పట్టిందో ఇద్దరూ చూసుకోలేదు. శ్రీవల్లి రెండు కప్పులతో చాయ తెచ్చి పెట్టి లోపలికి పోయింది.

గుర్తు ఊడింది. మల్లయ్య దాన్ని ఆమెకు చాపాడు. ఆల్దోనా తల అడ్డంగా ఊపి, మూలనున్న చెత్త డబ్బా చూపించింది. అతను దాన్ని హుక్కులూ గుండీలూ ఉన్న డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆమె చూసింది.

తర్వాత మల్లయ్య కోటు ఎత్తి వెలుతురుకు పట్టాడు. అప్పుడు ఇద్దరికీ కనబడింది.

పెట్టెలోకి పోకముందు కోటు ఏళ్ళ తరబడి ఎండ తిన్నది, ఎరుపు వెలిసి ఇటుక రంగుకు దిగింది. అక్షరాల కింద మాత్రం ఎండ తగల్లేదు. అక్కడ గుడ్డ కొన్ననాటి ఎరుపు. మూడు నెలవంకలు, ఒక గొడ్డలి. తెల్లగా ఉన్నప్పటి కంటే ఇప్పుడే లోతుగా ఉన్నాయి.

"శ్రీవల్లీ!" అని పిలిచాడు. ఆమె వచ్చింది. "చెప్పు బిడ్డా. ఉతికితే పోదు. ఎండకేస్తే మనం పోయినంక పోతది."

ఆల్దోనా వేలితో మొదటి నెలవంక అంచు వెంట గీసింది. వేలు గరుకుగా ఉంది, తెడ్డు పట్టిన చర్మం.

"ఏం చేద్దామంటుంది" అంది శ్రీవల్లి.

"కప్పుత. రొమ్ము మీది మచ్చ మీద జెండా వస్తది. వీపుకు ఎర్ర ముక్క వేస్త. నీ జాకెట్ పీసుల సంచి తే."

అమెరికాలో ఏ తెలుగు ఇంట్లో చూసినా ఆ సంచి ఉంటుంది. వ్రతానికి పోతే ఒకటి, సీమంతానికి పోతే ఒకటి, పసుపు బొట్టుతో పాటు చేతిలో పెట్టే రవికె ముక్క. ఎవరూ కుట్టించుకోరు. ఎవరో ఇచ్చింది ఇంకెవరికో ఇస్తారు. శ్రీవల్లి సంచి బోర్లించింది. బల్ల నిండా రంగులు దొర్లాయి. ఆల్దోనా కళ్ళు చిన్నపిల్ల కళ్ళయ్యాయి. ఒక్కొక్కటీ ఎత్తి కిటికీ వైపు పట్టుకుని చూసింది. చివరికి ఒక పసుపు, ఒక ఆకుపచ్చ, ఒక ఎరుపు ఏరి, ఒకదాని కింద ఒకటి పెట్టింది.

మల్లయ్య చూశాడు. "వాళ్ళ జెండల గూడ ఎరుపున్నదే!"

శ్రీవల్లి చెప్పింది. ఆల్దోనా మొదటిసారి నవ్వింది. పెద్ద గొంతు, గరాజ్ మొత్తం మోగింది.

"అది వేరే ఎరుపట నాయినా."

"ఎరుపు ఎరుపే" అన్నాడు మల్లయ్య, టేపు మెడలో వేసుకుంటూ. "అద్దేటోడు వేరు."

మధ్యాహ్నానికి రొమ్ము మీద మూడు రంగులు కూర్చున్నాయి. వీపుకు ఎర్ర ముక్క కొలిచి, కత్తిరించి, అంచు మడిచి, తెల్లదారంతో పొడుగు పొడుగు కుట్లు వేసి అతికించాడు. కచ్చా కుట్టు. కొలత చూసుకోవడానికి వేసేది, పక్కా కుట్టు పడ్డాక తీసిపారేసేది. తొడుక్కున్నవాళ్ళు నాలుగడుగులు నడిచి "సరే" అన్నదాకా మల్లయ్య పక్కా కుట్టు వేయడు. గడి బట్టలకైనా పెండ్లి బట్టలకైనా అయ్య అంతే, తనూ అంతే.

ఆల్దోనా కోటు తొడుక్కుంది. గరాజ్ నుంచి మేపుల్ దాకా నడిచింది. శశికాంత్ కారు అద్దంలో ముందు చూసుకుంది, మెడ తిప్పి వెనక చూసుకుంది. వీపు నున్నగా, ఎర్రగా, ఏమీ లేకుండా ఉంది. అక్కడే నిలబడిపోయింది.

"సరేనా అని అడుగు."

శ్రీవల్లి అడిగింది. "రేపు చెప్తానంటుంది."

"కచ్చా కుట్టు మీద బట్ట బయటికి పంపుడు నా తాన లేదు."

"అయితే నువ్వు కూడ రా నాయినా. అక్కడ కుట్టియ్యి."

శనివారం అతను తెల్ల పంచె, ఉతికిన లాల్చీ వేసుకున్నాడు. జేబులో సూది, ఎర్రదారం, చిన్న కత్తెర. ఇంకొక వస్తువు కూడా. దాన్ని ఎందుకు తీసుకుంటున్నాడో ఆలోచించలేదు. శ్రీవల్లి డ్రైవ్ చేసింది. ముందు సీట్లో ఆల్దోనా, ఒళ్ళో చేతులు. దారి పొడుగునా చెట్లు మండుతున్నట్టున్నాయి. ఆమె తమ ఊరి చెరువు గురించి చెప్పింది, శ్రీవల్లి అప్పుడో మాట అప్పుడో మాట వెనక్కి విసిరింది. పెద్ద చెరువు. నడుమ దిబ్బ. దిబ్బ మీద ఎర్ర ఇటుకల కోట. పొద్దున్నే మంచు పడితే కోట కనబడదు, తెడ్డు చప్పుడు మాత్రం వినబడుతుంది. మల్లయ్య కళ్ళు మూసుకుని ఆ చప్పుడు విన్నాడు. అది ఎండాకాలమంతా విన్నదే.

హాలు చర్చి పక్కన ఉంది. లోపల కాఫీ వాసన, ఉడికిన ఆలుగడ్డ వాసన. పిల్లలు మూడు రంగుల చొక్కాలు వేసుకుని కుర్చీల నడుమ పరిగెత్తుతున్నారు. విటాస్ అనే హాలు పెద్దమనిషి ఎదురొచ్చాడు. యాభై దాటినవాడు, మంచి మొహం. ఆల్దోనా రెండు చేతులూ పట్టుకున్నాడు. రొమ్ము మీద రంగులు చూసి ముద్దు పెట్టినంత పని చేశాడు. భుజం పట్టుకుని ఆమెను వెనక్కి తిప్పి వీపు చూశాడు. వీపు మీద అరచేత్తో తట్టాడు.

"ఏమన్నడు?" అన్నాడు మల్లయ్య.

"శుభ్రంగా ఉన్నదన్నడు" అంది శ్రీవల్లి. "వెనక ఏం లేదు, శుభ్రంగా ఉన్నదని."

విటాస్ ఇంకా చెబుతున్నాడు. మన జెండా కింద ఆడినవాళ్ళు ముందు నడుస్తారు. పేరు, ఆట, దేశం చదువుతాను. నువ్వు చివర్లో రా, నిన్ను మా హాలు స్నేహితురాలని చెబుతాను. ఇబ్బందేమీ ఉండదు. అతను మెత్తగానే చెప్పాడు. ఇలాంటి మాట ఇంతకంటే మెత్తగా ఎవరూ చెప్పలేరు.

ఆల్దోనా తల ఊపింది. వెనక వరసలో మల్లయ్య కూర్చున్న చోటికి వచ్చి, అతని ముందున్న కుర్చీలో అతని వైపు వీపు పెట్టి కూర్చుంది.

మల్లయ్య సూదిలోకి ఎర్రదారం ఎక్కించాడు. ఒక్కసారికే ఎక్కింది. ముక్క అంచు పట్టుకుని సూది మొన గుడ్డకు ఆనించాడు. ఆమె చెయ్యి వెనక్కి వచ్చింది. తడుముకుంటూ అతని వేళ్ళను దొరకబుచ్చుకుని, సూదిని పక్కకు నెట్టింది. తర్వాత గాలిలో ఒక దారాన్ని పట్టుకుని లాగినట్టు చూపించింది. పొడుగ్గా, ఒక్క ఊపులో. పడవ లాగినట్టే.

మల్లయ్యకు అర్థమైంది. అయినా కూతురి వైపు తిరిగాడు. "అడుగు బిడ్డా. తీసినంక మళ్ళ కప్పుమంటె టైముండది."

శ్రీవల్లి వంగి అడిగింది. లేచేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ముందోళ్ళకు దేశముండె, తర్వాతోళ్ళకు దేశముండె, నడుమ నేను అంటుంది నాయినా. సొంత జెండా వచ్చేసరికి పడవ లాగే వయసు దాటింది. నాకున్నది ఒక్కటే వీపు, మీ నాన్నకు చెప్పు అంటుంది."

మల్లయ్య దారం ముడి వెతికాడు. భుజం మూల దగ్గర దొరికింది. కత్తెర అక్కర్లేదు. ముడి తెంపి, కొస పట్టుకుని లాగాడు. కచ్చా కుట్టుకున్న గుణమే అది, పట్టుకోమన్నంతసేపు పట్టుకుంటుంది, పొమ్మంటే ఒక్క మాటకు పోతుంది. తెల్లదారం మొత్తం నిశ్శబ్దంగా వచ్చింది. ఎర్ర ముక్క జారి అతని ఒళ్ళో పడింది.

పాట మొదలైంది. దాదాపు అందరూ లేచారు. ముందు ఎత్తుగా ఉన్న కుర్రాళ్ళు ఇద్దరు జెండా పట్టుకుని నడిచారు. వాళ్ళ వెనక ఇంకొందరు. విటాస్ మైకు దగ్గర నిలబడి చదివాడు. పేరు, ఆట, లిథువేనియా. పేరు, ఆట, లిథువేనియా. చప్పట్లు. చివరగా ఆల్దోనా.

ఆమె తొందరపడలేదు. నడుమ దారిలో పోతుంటే ముందు వరసల్లో నవ్వులు, చప్పట్లు. ఆమె దాటిపోయిన వరసల్లో చప్పట్లు ఆగాయి. పై కిటికీల నుంచి ఎండ సరిగ్గా వీపు మీద పడుతోంది. అక్షరాలు లేవు. అక్షరాలు ఉండిన చోటు ఉంది. చప్పట్లు ఆగడం ఆమె వెంటే నడుస్తూ హాలు ముందుదాకా పోయింది.

విటాస్‌కు ఇంకా ముందు వైపే కనబడుతోంది. నవ్వుతూ ఆమె పేరు చదివాడు. అప్పుడు ఆల్దోనా జెండాకు తల వంచడానికి అటు తిరిగింది. వీపు అతని వైపు వచ్చింది. అతని నోరు తెరుచుకునే ఉంది. హాలు స్నేహితురాలు అన్న మాట రాలేదు. మైకులో అతని ఊపిరి వినబడింది.

"రోయింగ్" అన్నాడు. చాలాసేపటికి. అంతే అన్నాడు. దాని తర్వాత చదవాల్సింది చదవలేదు, దాని బదులు ఇంకొకటీ పెట్టలేదు.

మొదటి వరసలో ఒక ముసలాయన చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాటకు కూడా లేవలేదు, కర్ర పక్కన ఉంది. ఆయన లేచాడు. కర్ర చప్పుడు చేస్తూ ఆమె వెనక్కి పోయి నిలబడ్డాడు. శ్రీవల్లి తండ్రి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ముసలాయన వీపును దగ్గరగా చూశాడు. రెండు వేళ్ళతో, భుజం మూల దగ్గర, మల్లయ్య వదిలేసిన ఒక తెల్లదారం ముక్కను ఏరి తీశాడు. దాన్ని తన జేబులో వేసుకున్నాడు. ఆమె పక్కకు వచ్చి జెండాకు ఎదురుగా నిలబడ్డాడు.

చప్పట్లు లేవు. ఎవరూ కూర్చోనూ లేదు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఆల్దోనా కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. నిద్రలో ఆమె చేతులు ఒళ్ళో కొంచెం ముందుకు, కొంచెం వెనక్కి కదులుతున్నాయి.

ఆదివారం పొద్దున మంచు కమ్మింది. మల్లయ్య తలుపు లేపాడు. ఎదుటి ఇల్లు లేదు, చెట్టు లేదు. గొలుసు చప్పుడు మాత్రం వస్తోంది. మిషన్ ముందర కూర్చుని ఆగిపోయిన రవికె తీశాడు. మళ్ళీ పక్కన పెట్టాడు. డబ్బా మూత తీయబోయి, అది డబ్బాలో లేదని గుర్తొచ్చి, ఒంటి మీది నిన్నటి లాల్చీ జేబులో చెయ్యి పెట్టాడు.

మంచులో సిమెంటు బాట దాటాడు. నీళ్ళ మీద నడిచినట్టే ఉంది. ఆమె గరాజ్‌లో కోటు కొక్కానికి ఉంది, వీపు బయటికి. ఆమె లాగడం ఆపింది. గొలుసు తనంతట తాను చుట్టుకుని లోపలికి పోయింది.

మల్లయ్య అరచెయ్యి తెరిచి చాపాడు. సుత్తె కొడవలి గుర్తు, చుట్టూ తెగిన పోగులు.

"నీది" అన్నాడు. "నువ్వు పారేయమన్నవు. నేను పారేయలే. నీది నీకు."

తెలుగు ఆమెకు రాదు. ఆమె దాన్ని చూసింది. చాలాసేపు చూసింది. తీసుకోలేదు. రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుంది. గరుకు చేతులు, వెచ్చగా ఉన్నాయి. చిటికెన వేలు ముందు మడిచింది. తర్వాత ఉంగరం వేలు. తర్వాత నడిమి వేలు, చూపుడు వేలు. గుర్తు లోపలికి పోయింది. చివరికి బొటన వేలు తెచ్చి వాటి మీద అడ్డంగా పెట్టి, ఒకసారి నొక్కి వదిలింది.

మల్లయ్య తన చెయ్యి చూసుకున్నాడు. పిడికిలి.

ఎత్తలేదు. అలాగే గుండెకు ఆనించుకుని, మంచులో తన మిషన్ వైపు నడిచాడు. వెనక గొలుసు చప్పుడు మొదలైంది.